హైమావతి పెద్దమ్మకు లేని జబ్బులు

హైమావతి పెద్దమ్మకు లేని జబ్బు లేదు. ఎవరైనా మాటవరసకు "బాగున్నారా?" అంటే చాలు, అరికాలి మంటతో మొదలుపెట్టి నడినెత్తి దాకా వచ్చేది. అడిగినవాళ్ళు మధ్యలో బస్సెక్కి వెళ్ళిపోతే, మిగతాది పక్కన నిలబడ్డవాళ్ళకు చెప్పేది.

పటాన్‌చెరులో మా కిరాణా దుకాణం పైపోర్షన్‌లో పెద్దమ్మా, త్రినాథరావు పెదనాన్నా అద్దెకుండేవారు. చుట్టాలేం కారు, కాకినాడవైపు వాళ్ళు. పెదనాన్నకు మా పక్కనే ఉన్న రామచంద్రాపురం ఫ్యాక్టరీలో ఉద్యోగం రావడంతో, నేను పుట్టకముందే ఇక్కడ స్థిరపడ్డారు. మా అమ్మ చంద్రకళ కందిపప్పు తూస్తుంటే, పెద్దమ్మ మెట్లు దిగి వచ్చి గల్లాపెట్టె పక్కన స్టూలు మీద కూర్చునేది.

"చంద్రకళా, రాత్రి నా గుండె కాసేపు కొట్టుకోవడం మానేసిందే."

"మరి మెట్లెట్ల దిగినవక్కా?"

"మళ్ళీ మొదలెట్టిందిలే."

బొల్లారం ఫ్యాక్టరీల వైపు నుంచి గాలి తిరిగితే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఇవాళ కుడి ఊపిరితిత్తికి పట్టింది," అనేది. పెదనాన్న మాత్రం తలనొప్పి అని కూడా ఎప్పుడూ అనలేదు. "జబ్బుల కోటా అంతా మీ పెద్దమ్మే వాడేస్తుందమ్మా, నా దాకా రానివ్వదు," అని నవ్వేవారు.

ఇంకో విచిత్రం, ఆవిడ ఆస్పత్రికి ఒంటరిగా వెళ్ళేది కాదు. తోడు కావాలి. ఆ తోడు వెళ్ళినవాళ్ళు వట్టి చేతులతో తిరిగొచ్చేవాళ్ళు కాదు. మోకాలి నొప్పని మా అమ్మను లాక్కెళ్తే, అమ్మ షుగరుతో తిరిగొచ్చింది. కళ్ళు తిరుగుతున్నాయని షేర్ ఆటో నడిపే మొగులయ్యను కూర్చోబెట్టుకుంటే, అతను బీపీ మాత్రలతో వచ్చాడు. పెద్దమ్మ మాత్రం విటమిన్ గోలీలు పుచ్చుకుని వచ్చేది.

"అమ్మతోని దవాఖానకు పోకుండ్రి, అంటుకుంటది," అని మొగులయ్య తన ఆటో ఎక్కినవాళ్ళందరినీ హెచ్చరించేవాడు.

చివరికి పెదనాన్నకే అంటుకుంది. కడుపులో మంటని ఆయన్ని వెంటబెట్టుకెళ్ళిన రోజే, ఆయన కిడ్నీలు దెబ్బతింటున్నాయని తేలింది. కొన్నేళ్ళు మందులతో నెట్టుకొచ్చారు. రిటైరయ్యాక డయాలసిస్ తప్పలేదు. ఎవరైనా కిడ్నీ ఇస్తే మార్పిడి చేయవచ్చని సిటీ ఆస్పత్రిలో చెప్పారు.

"నాది ఇస్తాను," అంది పెద్దమ్మ.

వీధి వీధంతా నోరు తెరిచింది. "అక్కా, నీ పానమే సక్కగ లేదంటవు గద. నువ్వెట్ల ఇస్తవ్?" అంది అమ్మ.

"జబ్బులన్నీ వేరే చోట్ల ఉన్నాయి. కిడ్నీల గురించి నేనెప్పుడైనా ఒక్క మాట అన్నానా?"

నిజమే. ఎందుకో అవొక్కటే వదిలేసింది.

కానీ అలవాటు ఎక్కడికి పోతుంది? ఆస్పత్రిలో డాక్టర్ నిహారిక, "ఒంట్లో ఇబ్బందులేమైనా ఉన్నాయా అమ్మా?" అని అడగకుండా ఉండాల్సింది. పెద్దమ్మ చెప్పడం ముగించేసరికి బయట ఉన్నవాళ్ళు టిఫిన్లు చేసి వచ్చారు. దాంతో గుండెకొకరు, ఊపిరితిత్తులకొకరు, కీళ్ళకొకరు, అందరూ చూసి సరే అంటేనే ఆపరేషన్ అన్నారు. అందరూ చూశారు. అన్నీ బ్రహ్మాండంగా ఉన్నాయి. పెద్దమ్మకు తల కొట్టేసినట్టయింది.

"ఇంకోసారి చూడండి డాక్టరుగారూ. ఎడమవైపు పట్టేస్తుంది."

"మీ గుండె నా గుండె కంటే బాగుందమ్మా."

తిరుగు ప్రయాణంలో ఆవిడను పెదనాన్నే ఓదార్చారు. "మిషన్‌లో ఏదో లోపం ఉండుంటుందిలే హైమా."

మాకు నవ్వొచ్చేది గానీ, ఈ తిరుగుళ్ళలో నెలలు గడిచిపోతున్నాయి. పెదనాన్న కాళ్ళు వాచాయి. పైకెక్కే ఓపిక లేక సగం రోజు మా దుకాణంలోనే కూర్చునేవారు.

ఆఖరుగా దాతతో విడిగా మాట్లాడాలని డాక్టర్ నిహారిక పెద్దమ్మను లోపలికి పిలిచింది. తలుపు సరిగా పడలేదు. బయట బెంచీ మీద పెదనాన్న, అమ్మ, నేను.

"మీరు చెప్పిన జబ్బుల్లో ఒక్కటీ లేదమ్మా. ఇవ్వడం ఇష్టం లేక చెప్పారా? భయముంటే నాతో అనండి. మీ కిడ్నీ సరిపోలేదని మేమే చెప్తాం. మీ మీదికి మాట రాదు."

అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అయ్యో, భయం కాదమ్మా. అలవాటు."

"జబ్బులు చెప్పడమా?"

"తోడు పిలవడం," అంది పెద్దమ్మ. "నీ మొహం బాగాలేదు, డాక్టరు దగ్గరికి పద అంటే ఎవరొస్తారు? ఒకరికి దుకాణం, ఒకరికి షిఫ్టు. నాకు బాగాలేదు, తోడు రా అంటే కాదనేవాళ్ళుండరు. అక్కడికెళ్ళాక, ఎలాగూ వచ్చావు, నువ్వూ చూపించుకో అంటాను." గొంతు తగ్గించింది. "నాకేం లేదు. గుండ్రాయిలా ఉన్నాను. ఆయనకు మాత్రం చెప్పకండి."

అమ్మా నేనూ ఆయన వైపు తిరిగాం.

"నాకెప్పట్నుంచో తెలుసమ్మా," అన్నారు పెదనాన్న నెమ్మదిగా. "తెలుసంటే మానేస్తుందని ఊరుకున్నాను."

"నాకు తెల్వదాయె," అంది అమ్మ, కొంగుతో ముఖం తుడుచుకుంటూ. "నా షుగరు బయటపడ్డది అక్క మోకాలుతోనే గద."

ఆపరేషన్ బాగా జరిగింది. ఆ తర్వాత వాళ్ళు లిఫ్టున్న ఫ్లాటు చూసుకుని కొల్లూరు వైపు వెళ్ళిపోయారు. పైపోర్షన్‌లో ఇప్పుడు ఫార్మా కంపెనీల కుర్రాళ్ళు ఉంటున్నారు. అమ్మ పలకరిస్తే, "బాగున్నం ఆంటీ," అని ఒక్క ముక్కలో తేల్చి వెళ్ళిపోతారు. "గింతేనా," అనుకుంటూ అమ్మ ఖాళీ స్టూలు వైపు చూస్తుంది.

మొన్న పెద్దమ్మ నాకు ఫోన్ చేసింది. నేనిప్పుడు బొల్లారంలో ఒక కంపెనీ ల్యాబులో పనిచేస్తున్నాను. కొన్నాళ్ళుగా తలనొప్పి వస్తోంది. అమ్మతో తప్ప ఎవరితోనూ అనలేదు.

"అమ్మాయ్ భవ్యా, తల పగిలిపోతోందే. కళ్ళ డాక్టరుకు చూపించుకోవాలి. ఒక్కదాన్నే వెళ్ళలేను, తోడు రావూ?"

"పెదనాన్న ఉన్నారు కదా పెద్దమ్మా?"

"ఆయనకు తలనొప్పి లేదుగా," అనేసి, చటుక్కున ఆగిపోయింది.

నేనేమీ అర్థం కానట్టే ఊరుకుని, శనివారం సెలవు పెట్టాను.