ఖాళీగా వెళ్లని గిన్నె

"ఈసారి రోజాలు ఉండకమ్మా" అన్నాడు డాక్టరు, కాగితం మీద నుంచి తలెత్తకుండానే.

హుస్సేన్ బీకి మొదట ఆ మాట తనను కాదేమో అనిపించింది. వెనక్కి తిరిగి చూసింది. వెనక కోడలు సాయిమా తప్ప ఎవరూ లేరు. తొమ్మిదో ఏట మొదలుపెట్టిన రోజాలు, నలభై తొమ్మిదేళ్లుగా నడుస్తున్నాయి. కాన్పుల వల్ల తప్పిపోయినవాటిని కూడా తర్వాత ఒక్కొక్కటిగా తీర్చుకున్న మనిషి ఆమె. మే నెల ఎండల్లో నోట్లో చుక్క నీళ్లు పడకుండా మళ్లలో వంగి పాలకూర కోసింది. అలాంటి మనిషికి, మూరెడు కాగితం చూసి, రోజా వద్దని చెప్పడమేమిటి?

"షుగర్ మూడు వందలు దాటింది. మూడు నెల్ల సగటు పది మీదున్నది. గోలీ ఏసుకొని పొద్దంత పస్తుంటే ఏడనో పడిపోతవు" అన్నాడు డాక్టరు.

"రంజాన్‌కు ఇంకా మూడు నెలలున్నది గద సారూ!"

"అయితే సగటు ఎనిమిది లోపలికి తే. అప్పుడు మాట్లాడుదం. అన్నం తగ్గించు, తీపి బంద్ చెయ్యి. రోజూ గంట సేపు నడువు."

మొదటి రెండూ ఆమె విన్నది. మూడోది విని మాత్రం మనసు నొచ్చుకుంది. నడవమని తనకు చెబుతున్నాడా?

ఇబ్రహీంపట్నం ఎంత దూరమో హుస్సేన్ బీకి కాళ్లతో తెలుసు. శేరిగూడ అవతల కౌలు చేలో రేకుల ఇల్లు వేసుకుని ఇరవై ఆరేళ్లు బతికారు. భర్త చాంద్ పాషా నీళ్లు కట్టేవాడు, ఆమె కోసి కట్టలు కట్టేది. పాలకూర, పుంటికూర, కొత్తిమీర గంపకెత్తుకుని పొద్దున్నే ఇబ్రహీంపట్నం మార్కెట్‌కు నడిచేది. బావి దగ్గరికి రెండు వందల అడుగులు, మేకల కొట్టం దగ్గరికి నూరు, పొయ్యిలో కట్టెలకు ఎంత దూరమైతే అంత. రోజులో కూర్చునేది రొట్టెలు కొట్టేటప్పుడే. జొన్నరొట్టె చెయ్యాలంటే చేతులకు ఓపిక కావాలి, తినాలంటే దవడలకు ఓపిక కావాలి. అందుకే రెండు రొట్టెలు తినేసరికి కడుపు ఇక చాలనేది. అన్నం శుక్రవారం, జుమ్మా రోజు వండేవారు. తీపి పండగకు చేసేవారు. ఇదంతా ఏదో నియమమని ఆమె ఎన్నడూ అనుకోలేదు, ఆ చోటు ఆమెతో అలా చేయించింది.

తర్వాత భూమి ఆసామి ఆ చేనును ప్లాట్లు చేశాడు. కొడుకు యాసిన్ ఏసీలు బాగుచేసే పనిలో కుదురుకున్నాడు. చాంద్ పాషాకు ఒక ఇంజనీరింగ్ కాలేజీలో వాచ్‌మన్ పని దొరికింది. ఇబ్రహీంపట్నం బస్టాండు వెనక గల్లీలో, మొదటి అంతస్తులో ఒక పోర్షన్ అద్దెకు తీసుకున్నారు. వచ్చి నాలుగేళ్లయింది.

కడుపులో చల్ల కదలని బతుకంటే ఇదే. తిప్పితే నీళ్లు, నొక్కితే మంట. మెట్లు దిగితే నలభై అడుగుల్లో కిరాణా దుకాణం, బేకరీ, మిర్చి బజ్జీల బండి. ఆ నలభై అడుగులు కూడా వెయ్యనవసరం లేదు, యాసిన్ బండి మీద వస్తూ అన్నీ తెచ్చేస్తాడు. గ్యాసు పొయ్యి మీద జొన్నరొట్టె సరిగ్గా కాలదని ఒకటి రెండుసార్లు విసుక్కుని మానేసింది. మూడు పూటలా అన్నం మొదలైంది. సాయంత్రం చాయ్‌లోకి బిస్కెట్లు వచ్చి చేరాయి. చాంద్ పాషా మాత్రం కాలేజీ చుట్టూ రోజంతా తిరిగి తిరిగి ఎప్పటిలాగే కట్టెపుల్లలా ఉన్నాడు. ఆమెకు అది చూస్తే ఒళ్లు మండేది. డాక్టర్లు ఏం తింటున్నావని అడుగుతారు గానీ ఎక్కడుంటున్నావని అడగరు. నన్నడిగితే ఆ ప్రశ్నే ముందు అడగాలి.

సరే, రోజాల కోసం నడుద్దామనే నిశ్చయించుకుంది. చిక్కంతా అక్కడే వచ్చింది. జన్మలో ఎప్పుడూ ఆమె పని లేకుండా నడవలేదు. నెత్తి మీద గంపో, చంకలో బిందో, చేతిలో మేక తాడో ఉండేది. ఉత్త చేతులతో రోడ్డు మీద అటూ ఇటూ తిరిగితే చూసేవాళ్లు ఏమనుకుంటారు?

"వాకింగ్ అంటే గంతే అమ్మీ. పని లేకుంటనే నడుస్తరు" అంది సాయిమా.

"పని లేకుంట తిరిగితే నన్ను పిచ్చిదనుకుంటరు బేటా."

చివరికి ఒక ఉపాయం కనిపెట్టింది. కూరగాయల సంచి పట్టుకుని బయలుదేరేది. సంచి చేతిలో ఉంటే ఎవరూ ఏమీ అనుకోరు. కానీ సంచి పట్టుకుని పోయినమ్మ ఖాళీ సంచితో ఇంటికి రావడం కూడా సిగ్గే కదా! అందుకని రోజూ ఏదో ఒకటి కొనేది. ఒక రోజు అరటిపండ్లు, ఒక రోజు బొరుగులు, ఒక రోజు బేకరీలో బన్ను. తెచ్చినవి పాడైపోతాయని తనే తినేది. అలా నడిచి కరిగించిందంతా సంచిలో తిరిగి ఇంటికి చేరేది. సాయిమా ఇది కనిపెట్టి సంచి మాన్పించేసరికి నెల గడిచింది.

సంచి సంగతి అలా తేలింది గానీ, గిన్నె సంగతి తేలలేదు.

ఎదురు పోర్షన్‌లో హైమవతి ఉంటుంది. వాళ్లది తెనాలి వైపు. భర్త రామారావు, చాంద్ పాషా కాపలా కాసే కాలేజీలోనే ల్యాబులో పని చేస్తాడు. ఆమె తన ఊరి అలవాటు కొద్దీ హుస్సేన్ బీని "వదినగారూ" అంటుంది. హుస్సేన్ బీ తన అలవాటు కొద్దీ ఆమెను "చెల్లె" అంటుంది. రెండు తలుపుల మధ్య దూరం నాలుగు అడుగులు. చేలో ఉన్నప్పుడు పక్కింటికి ఏదైనా పంపాలంటే అర మైలు నడవాలి, కాబట్టి పండగకో పబ్బానికో పంపేవారు. ఇక్కడ చెయ్యి చాస్తే చాలు. హైమవతి గిన్నెలో ఏదైనా పంపితే ఆ గిన్నె ఖాళీగా తిరిగి వెళ్లకూడదు. ఇది ఇద్దరి ఇళ్లలోనూ ఉన్న మర్యాదే. ఇద్దరూ ఒకరికొకరు తీసిపోని మనుషులు కావడంతో, నాలుగేళ్లుగా ఆ గిన్నె ఏ ఇంట్లోనూ రెండు రోజులు నిలవలేదు.

డిసెంబరు మధ్యలో ధనుర్మాసం వచ్చింది. హైమవతి తెల్లవారకముందే లేచి, పాశురం చదువుకుని, రోజుకొక నైవేద్యం చేస్తుంది. మొదటి రోజే చక్కెర పొంగలి గిన్నె పట్టుకుని వచ్చింది. నెయ్యి పైకి తేలుతోంది.

తనకు షుగరని హుస్సేన్ బీ నోరు తెరిచి చెప్పబోయింది. అంతలో హైమవతే గొంతు తగ్గించి అంది. "మీ ఇంట్లో ఎవరికైనా పట్టింపు ఉంటుందేమోనని, దేవుడిది వేరే గిన్నెలో చేశానండి. ఇది మీ కోసమే విడిగా పెట్టాను. నిశ్చింతగా తినండి వదినగారూ."

తన కోసం పొద్దున్నే లేచి రెండో పొయ్యి వెలిగించిన మనిషికి వద్దని ఎలా చెబుతారు? హుస్సేన్ బీకి చెప్పే నోరు రాలేదు. తీసుకుంది. ఇంటిల్లిపాదికీ పెట్టి తనొక చెంచా తిన్నది, బాగుందని ఇంకో రెండు తిన్నది. సాయంత్రం ఆ గిన్నె నిండా మలీద చేసి పంపింది. చపాతీలు చిదిమి, బెల్లం, నెయ్యి వేసి ముద్ద చెయ్యడంలో ఆమెను మించినవాళ్లు లేరు. చేసేటప్పుడు తీపి సరిపోయిందో లేదో చూడకుండా ఉండలేదు కూడా. ముప్పై రోజులు ఇలాగే నడిచింది. పొంగలి, దద్దోజనం, పులిహోర ఇటు వస్తే, మలీద, సేమ్యా, గోధుమ హల్వా అటు వెళ్లాయి.

"షుగరున్నదని చెప్పరాదా అమ్మీ?" అని సాయిమా పోరుపెట్టింది.

"చెప్తే, నీ తిండి నాకొద్దు అన్నట్టే గద. నాలుగేండ్ల మర్యాద ఒక్క మాటతోని తెంపుకుంటమా?"

ఫిబ్రవరి మొదటి వారంలో రక్తపరీక్షకు పరగడుపున ల్యాబుకు వెళ్లింది. బెంచీ మీద, మోచేతి మడతలో దూది అదుముకుని, హైమవతి కూర్చుని ఉంది.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"నువ్వేంది చెల్లె ఈడ?"

"షుగరండీ. ఏడేళ్లయింది" అంది హైమవతి, దొంగతనం బయటపడ్డట్టుగా.

"ఏడేండ్లా! మరి నా మలీద?"

"మీరంత ప్రేమగా పంపితే వద్దనడానికి మనసొప్పలేదండి. ఆయనకు తీపి పడదు. పారేస్తే పాపం కదా, నేనే తినేదాన్ని. మీకెన్నాళ్లుగా?"

హుస్సేన్ బీకి ముందు నవ్వు వచ్చింది. ఆ వెంటనే భయం పట్టుకుంది. ఒకరికొకరు ప్రేమగా విషం పోసుకున్నారు, అదీ నెయ్యి వేసి మరీ. రోజాల మాట, డాక్టరు పెట్టిన గడువు, అన్నీ అప్పుడు చెప్పింది. హైమవతి తల పట్టుకుంది. "ఒక్క మాట నా చెవిన వేస్తే నేను ధనుర్మాసమంతా మీకు పచ్చి దోసకాయలు పంపేదాన్ని కదండీ!"

సాయంత్రానికి కాగితం వచ్చింది. తొమ్మిది పాయింట్ ఒకటి. పది మీద నుంచి దిగింది, కానీ ఎనిమిది లోపలికి రాలేదు. డాక్టరు తల అడ్డంగా ఊపాడు.

రంజాన్ మొదలైంది. రోజా ఉండలేనివాళ్లు పేదలకు తిండి పెట్టాలి కాబట్టి యాసిన్ అందుకు ఏర్పాటు చేశాడు. బీమారు పడ్డవాళ్లకు మాఫీ ఉందని చాంద్ పాషా నచ్చజెప్పాడు. అన్నీ ఆమెకు తెలిసినవే. తెలిసినా ముద్ద దిగలేదు. ఇంట్లో ముగ్గురు రోజా ఉంటే, పట్టపగలు తను కంచం ముందు కూర్చోవాలా? చేలో అయితే కొట్టం వెనక్కు వెళ్లి రెండు ముద్దలు మింగి రావచ్చు, ఆకాశం తప్ప చూసేవాళ్లుండరు. ఇక్కడ మూడు పోర్షన్ల తలుపులూ ఒకే వరండాలోకి ఉన్నాయి. గిన్నె మీద మూత తీసినా చప్పుడు పక్కింటికి వినిపిస్తుంది.

మొదటి రెండు రోజులు తిన్నానని అబద్ధం చెప్పి, సందు చూసుకుని రెండు బిస్కెట్లు తిన్నది. మూడో రోజు అవీ తినలేదు. గోలీ మాత్రం డాక్టరుకు భయపడి వేసుకుంది. అలా ఆ రోజు అటు రోజా కాదు, ఇటు తిండీ కాదు. మధ్యాహ్నం వరండాలో కూర్చుని కొత్తిమీర ఏరుతుంటే చేతులు వణికాయి. ఒళ్లంతా చెమట పట్టింది. ఎదురుగా హైమవతి ముఖం రెండుగా కనబడింది.

హైమవతికి ఆ చెమట ఏమిటో తెలుసు. లోపలికి పరిగెత్తి గుప్పెడు చక్కెర తెచ్చి ఆమె నోట్లో పోసింది. మీద నీళ్లు తాగించింది. పది నిమిషాలకు హుస్సేన్ బీ కళ్లు నిలబడ్డాయి.

"పొద్దున్నుంచి ఏం తిన్నారండీ?"

హుస్సేన్ బీ ఒడిలోని కొత్తిమీర మళ్లీ ఏరబోయింది. చప్పుడు విని వచ్చిన సాయిమాకు అంతా అర్థమైంది. అత్త మీద ఎన్నడూ గొంతు ఎత్తని పిల్ల, ఆ రోజు ఎత్తింది. "చచ్చిపోతె ఏం జేస్తుంటిమి అమ్మీ? రోజా ఉంటుంటిమా, ఏడుస్తుంటిమా?" అని తనే ఏడ్చింది.

మర్నాడు పన్నెండున్నరకు హైమవతి తన కంచం పట్టుకుని వచ్చింది. అందులో జొన్నరొట్టె ఉంది. రొట్టె అనడమే గానీ, నాలుగు ముక్కలుగా విరిగి, అంచులు మాడిపోయి ఉంది.

"నాకూ అన్నం తగ్గించమన్నారు వదినగారూ. ఏదో తోచినట్టు చేశాను, ఇలా వచ్చింది."

"దీన్ని రొట్టె అంటరా చెల్లె? పిండిల ఎసరు నీళ్లు పొయ్యలేదు నువ్వు" అంది హుస్సేన్ బీ. చెప్పకుండా ఉండలేకపోయింది.

సాయిమా చాప పరిచింది. అత్తకు రెండు రొట్టెలు, పుంటికూర పప్పు పెట్టింది. పొద్దున సాయిమాయే కొట్టిన రొట్టెలు అవి. హుస్సేన్ బీ లేచి తలుపు మూయబోయింది. సాయిమా వెళ్లి ఆ తలుపును గోడకు ఆనేదాకా తెరిచింది.

"ఎందుకు ముయ్యాలె? దొంగతనం చేస్తున్నవా?"

"నువ్వు రోజా ఉన్నవు బేటా. నీ ముంగట నేనెట్ల తింట?"

"రోజా ఉండుమన్నది ఎవరో, బీమారుంటే తినుమన్నది గూడ ఆయననే గద అమ్మీ" అంది సాయిమా. గ్లాసు నిండా నీళ్లు తెచ్చి ఆమె చేతికి అందించింది. తన పెదవులు ఎండి తెల్లగా ఉన్నాయి. "తాగు."

హుస్సేన్ బీ ఆ పెదవులు చూసింది. ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే బిస్మిల్లా అని, రొట్టె తుంచి నోట్లో పెట్టుకుంది. నలభై తొమ్మిదేళ్లు ఆకలిని ఓర్చుకోవడం నేర్చిన మనిషికి, ఆ ఒక్క ముద్ద మింగడం ఎంతో కష్టమైంది. ఎదురుగా హైమవతి మాడిన ముక్కను నములుతోంది. రెండో ముద్ద కొంచెం తేలిగ్గా దిగింది.

ఇఫ్తారుకు ఇంకా ఆరు గంటలుంది. అత్త కంచం ఖాళీ అయ్యేదాకా సాయిమా అక్కడి నుంచి కదల్లేదు.