చెరిసగం చేసిన వైరు

మా ఇల్లు పంచినప్పుడు వైరును కూడా పంచారు. పై ఊరివాళ్ళు వింటే నవ్వుతారు గానీ, డోన్‌లో మా వీధిలో పంపకమంటే అంతే. ఇంటి మధ్యలో గోడ లేచింది, గంగాళాలు చెరొకటి అయ్యాయి. కొత్త వైరింగ్ కోసం తెచ్చిన వైరు చుట్టను వాకిట్లో పరిపించి, రెండు కొసలూ కలిపి, మడత పడిన చోట పెద్దమనుషులు కోయించారు. ఇంట్లో ముందు భాగం మరిదికి, వెనక భాగం మాకు. మీటర్ బోర్డు ముందు వసారాలో ఉంది కాబట్టి మా తోటికోడలికి వైరు మిగిలింది, నాకు పెరటి గది దాకా చాలలేదు. వైరింగ్ చేసినతను అటక మీద దొరికిన పాత ముక్క ఒకటి అతికి, టేపు చుట్టి వెళ్ళిపోయాడు. న్యాయం జరిగిందని అందరూ కాఫీలు తాగారు.

ఆ పెరటి గదిలోనే నేను దోసెపిండి రుబ్బి అమ్మడం మొదలుపెట్టాను. కొన్నాళ్ళకు తోటికోడలు కూడా గ్రైండర్ కొనింది. నన్ను చూసే కొనింది, వేరే చెప్పాలా? మెల్లగా మా సందులోకి వచ్చే గిన్నెలు ఆమె అరుగు మీద ఆగిపోవడం మొదలైంది. గోడ అవతల ఆమె గ్రైండర్ హుషారుగా తిరిగే చప్పుడు వింటే నాకు ఒళ్ళు మండేది. నాది మాత్రం మూలుగుతూ, ఈడ్చుకుంటూ తిరిగేది. నా ఫ్యాను కూడా అంతే, గాలికంటే చప్పుడు ఎక్కువ.

చివరికి నాకు మిగిలిన పెద్ద ఖాతా స్టేషన్ దగ్గర టిఫిన్ సెంటర్ ఒక్కటే. ఆ ఓనరు ఒకరోజు క్యాను తెరిచి, పిండిని వేళ్ళ మధ్య నలిపి చూశాడు.

"ఏమమ్మా, పిండి పలుకుగా ఉండాది. ఈ వారం సూస్తా. ఇట్లనే ఉంటే మీ చెల్లెలి కాడ తీసుకుంటా."

మా చెల్లెలట! నా తోటికోడలిని అంటున్నాడు. ఆ ఖాతా కూడా పోతే ఇక గ్రైండర్ మూసి గుడ్డ కప్పాల్సిందే.

తప్పు నా చేతిలో లేదని నాకు గట్టి నమ్మకం. ఎండాకాలం మొదట్లోనే మరిది ఏసీ పెట్టించాడు. ఆమె చల్లగా పడుకుని నా కరెంటంతా గుంజుకుంటోందని తేల్చేశాను. మా ఆయన నవ్వాడు.

"ఏసీ రాకముందు గూడా నీ గ్రైండరు ఇట్లనే ఏడుస్తాండె గదా."

ఆ మాట నాకు ఎక్కలేదు. పెళ్ళికి ముందు నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చేశాను. బీరువా అడుగున పడి ఉన్న క్లాంప్ మీటర్ తీశాను. లెక్క వేసి ఆమె దొంగతనాన్ని అందరి ముందూ పెట్టాలి, అదే నా పట్టుదల.

మోటారుతో చూస్తే లెక్క తిరకాసుగా ఉంటుంది కాబట్టి నీళ్ళు కాచే రాడ్‌ను బకెట్లో పెట్టి నా గదిలో స్విచ్ వేశాను. రాడ్ దగ్గర వోల్టేజి నూట ఎనభై తొమ్మిది. వైరుకు క్లాంప్ తగిలిస్తే కరెంటు ఏడు ఆంపియర్లు. రెండూ గుణిస్తే పదమూడు వందల వాట్లకు కొంచెం పైన. రాడ్ మీద ముద్రించింది రెండు వేలు. దొరికింది దొంగ అనుకుంటూ ముందు వసారాకు పరిగెత్తాను. లోపల ఏసీ గుయ్యిమంటోంది. మీటర్ బోర్డు దగ్గర చూస్తే రెండు వందల ఇరవై నాలుగు!

అంటే ఏసీ తిరుగుతున్నా బోర్డు దగ్గర కరెంటు నిక్షేపంగా ఉంది. ముప్పై ఐదు వోల్టులు బోర్డుకూ నా గదికీ మధ్య, నా వైరులోనే పోతున్నాయి. ముప్పై ఐదును ఏడుతో భాగిస్తే ఐదు ఓముల నిరోధం. ఆ కొద్ది దూరం వైరుకు ఐదు ఓములు ఉండకూడదు. ముప్పై ఐదును ఏడుతో గుణిస్తే రెండు వందల నలభై ఐదు వాట్లు, ఊరికే వేడై గోడలో కలిసిపోతున్నాయి. చేత్తో తడుముతూ పోతే అతుకు ఉన్న చోట గోడ వెచ్చగా తగిలింది.

ఆమె దొంగ కాదని తేలింది. సంతోషించాలి కదా, నాకు ఏడుపొచ్చింది.

తోటికోడలు వసారాలోకి వచ్చి నా మొహం చూసి సంగతి అడిగింది. చెప్పక తప్పలేదు. లోపలికి వెళ్ళి మేకుకు తగిలించిన వైరు చుట్ట తెచ్చి నా చేతిలో పెట్టింది.

"యాడిదక్కా ఈ మాట, ముందే అడగరాదా? ఈడ ఊరికే ఏలాడతాండాది. శానా రోజుల్నుంచి నీకిద్దామనుకుంటాండా, నువ్వు ఏమనుకుంటావోనని ఊరుకుంటి."

మంచితనం కూడా ఆమెకే దక్కింది! పళ్ళు బిగించి తీసుకున్నాను.

పాత ముక్క పీకించి, దాని చోట ఆమె ఇచ్చిన వైరును గట్టి అతుకుతో వేయించాను. గ్రైండర్ ఉరకలేసింది. పిండి వెన్నలా దిగింది. ఆ వారమంతా టిఫిన్ సెంటర్‌కు క్యాన్లు నేనే మోసుకెళ్ళాను. వారం చివర ఓనరు రెండు దోసెలు పోయించి, రెండూ తుంచి తిన్నాడు. ఒకటి నా పిండిది, ఒకటి ఆమెది.

"ఇప్పుడు పలుకు లేదమ్మా, శానా బాగుండాది" అన్నాడు. నేను ఊపిరి పీల్చుకునేలోపే, "అయినా ఆయమ్మ పిండిలో రుచి ఏరే. రేపట్నుంచి ఆడనే తీసుకుంటాలే" అన్నాడు.

ఇంటికొచ్చి రాడ్‌ను మళ్ళీ బకెట్లో పెట్టాను. మీటర్ పట్టుకుని బోర్డు దగ్గర చూశాను, నా గదిలో చూశాను. తేడా ఏమంత లేదు. వైరును కదిలించి, ప్లగ్గును అటూ ఇటూ తిప్పి మళ్ళీ చూశాను. గోడ అవతల ఆమె గ్రైండర్ తిరుగుతోంది. ఒక్క ఇరవై వోల్టులు తగ్గి చూపించినా ఆ పూట నాకు అన్నం సయించేది.