ఎక్కడ ఆగిందో చెప్పిన చీటీ

మొన్న మా మనవరాలు కంప్యూటరు నల్లతెర ముందు తల పట్టుకుని కూర్చుంది. ఫైళ్ల పాత చిరునామాలను కొత్త చిరునామాలుగా మార్చే ప్రోగ్రాము రాస్తోందట. ఏ చిన్న తేడా వచ్చినా అది "తప్పు" అని ఒక్క ముక్క అని ఊరుకుంటుందట. ఎక్కడ తప్పో చెప్పదా అంటే, నేనే చెప్పించాలి అమ్మమ్మా అంది. నాకు నవ్వొచ్చింది. ఆ పని నేను పంతొమ్మిది వందల డెబ్బైల్లోనే ఒంగోలులో చేశాను మరి!

అప్పుడు మా రెవెన్యూ ఆఫీసు కొత్త భవనంలోకి మారింది. రికార్డు గదిలో ఆడపిల్లని నేనొక్కదాన్నే. పై అంతస్తు గుమాస్తాలు రాసి పంపే చీటీల మీద గది, బీరువా, అర, కట్ట అన్నీ పాత అంకెలే. వాటిని, పాతవీ కొత్తవీ పక్కపక్కన రాసుకున్న నోటుబుక్కు చూసి కొత్త చోటికి మార్చుకుని కాగితం తీసివ్వాలి. కనబడకపోతే చీటీ వెనక "దొరకలేదు" అని గిలికి పంపెయ్యడం మా ఆనవాయితీ. ఆ ఒక్క మాటతో ఎంతమంది ఉసూరుమంటూ బస్సెక్కారో మాకు పట్టేది కాదు.

సింగరాయకొండ దగ్గర్నుంచి ఒక సాయిబు గారు తన మిరప చేని హద్దుల పటం కోసం తిరిగేవారు. పక్క రైతు గట్టు జరిపి దున్నేశాడు. విచారణలో పటం చూపకపోతే ఆ నేల చెక్క పోయినట్టే. అప్పటికే మూడుసార్లు "దొరకలేదు" అనిపించుకున్నారు, అందులో రెండుసార్లు రాసిన చెయ్యి నాదే.

విచారణకు ముందురోజు నాలుగోసారి అదే చీటీ వస్తే, చూసి సిగ్గేసింది. ఒక్కొక్కటే సరిచూసి, "గది సరే, బీరువా సరే, అర సరే, ఈ అరలో పదహారు కట్టలే ఉన్నాయి, పదిహేడోది లేదు. రిజిస్టరులో కట్ట అంకె చూడండి" అని రాశాను. హెడ్డుగుమాస్తా గారు, చీటీల మీద కథలు రాస్తున్నావేంటమ్మా అని గదిమారు. కథ కాదండీ, ఎక్కడ ఆగిందో రాశాను అన్నాను. అంత గొంతు నాకుందని నాకే తెలియదు. తీరా చూస్తే, చీటీ రాసిన పై గుమాస్తా రిజిస్టరులో పక్క ఊరి వరసలోని అంకె చూసి చీటీలోకి ఎక్కించాడు. అసలుది ఏడో కట్ట. పది నిమిషాల్లో పటం తీసిచ్చాను.

చెక్క ఆయనకే దక్కింది. విచారణ అయ్యాక సాయిబు గారు వచ్చి, "ఊరికే లేదు లేదంటుంటే నా చేనే లేదేమో అనిపించిందమ్మా. నువ్వు ఫలానా చోట లేదన్నాక ప్రాణం లేచొచ్చింది" అన్నారు. ఆ తర్వాత మా గదిలో ఒట్టి "దొరకలేదు" ఎవరినీ రాయనివ్వలేదు. ఇప్పటికీ అది తలుచుకుంటే గర్వంగానే ఉంటుంది.

మనవరాలి ప్రోగ్రాము ఇప్పుడు ఎక్కడ ఆగిందో చక్కగా చెబుతోంది. నిన్న పింఛను కాగితం కోసం వెళితే, కిటికీలో అబ్బాయి తెర చూసి "లేదండీ" అన్నాడు. ఎక్కడ లేదు నాయనా అన్నాను. తలెత్తి నా ముఖంకేసి చూశాడు, ఆ మాట అతన్ని ఇంతవరకు ఎవరూ అడిగినట్టు లేదు.