దేవదూత ముక్కు

నా చిన్నప్పుడు మా మేనమామ గారు రాజోలు దగ్గర సిమెంటు విగ్రహాలు చేసేవారు. ఒక ఏడాది చర్చి గేటు మీదికి రెక్కల దేవదూత కావాలని సంఘం పెద్ద గారు పురమాయించారు. చూసి చెయ్యడానికి ఒక మనిషి నిలబడాలి. మావయ్య నన్ను నిలబెట్టారు. నా ముఖం గేటు మీద ఉంటుందంటే నాకు నేల మీద కాలు ఆగలేదు.

తీరా నిలబడ్డాక తెలిసింది అదెంత దిక్కుమాలిన పనో. గడ్డం పైకి, చేతులు వెనక్కి. పాదాల చుట్టూ సుద్దముక్కతో గీత గీసేవారు, అది దాటకూడదు. సిమెంటు పోతకి ముందు చేసే బంకమట్టి బొమ్మ ఎండకి బీటలిస్తే పరుగున వెళ్ళి నీళ్ళు చిలకరించేవారు గానీ, నాకు దాహమంటే మాత్రం కదలొద్దని కసిరేవారు. ఏడుపొస్తే ఒక కథ చెప్పేవారు. ఫ్రాన్సులో ఒక గొప్ప చిత్రకారుడు ఉండేవాడట. చూపు మందగిస్తుంటే మైనంతో బొమ్మలు చెయ్యడం మొదలుపెట్టాడట. నాట్యం నేర్చుకునే ఒక పేదపిల్లని ఇలాగే గంటలకొద్దీ నిలబెట్టి చేసిన బొమ్మని ఇప్పటికీ లోకమంతా వెళ్ళి చూస్తోందట. "నువ్వూ అలా నిలిచిపోతావే" అనేవారు. నేను ముక్కు ఎగబీల్చి మళ్ళీ గడ్డం ఎత్తేదాన్ని.

మావయ్య ఎప్పుడూ ముఖమే ముందు చేసేవారు. అది పూర్తయిన రోజు పెద్ద గారు చూడ్డానికి వచ్చారు. బొమ్మని చూసి, నన్ను చూసి, చాలా మర్యాదగా అన్నారు.

"మీ మేనకోడలాండీ? పిల్ల మంచిదేనండి. కానీ దేవదూతకి ఈ చప్పిడి ముక్కేంటండీ, జనం నవ్వరా?"

తన మనవరాలి ఫోటో పంపిస్తానని, ఆ ముఖం పెట్టమని చెప్పారు. మావయ్య నా తరఫున ఒక్క మాటైనా అంటారనుకున్నాను.

"ఆయ్, మార్చేస్తానండి" అన్నారు.

పెద్ద గారు వీధి మలుపు తిరగకముందే కత్తి తీసుకుని నా ముక్కూ బుగ్గలూ ముద్దలు ముద్దలుగా గీకేశారు. నేను అడ్డం పడితే నన్ను విదిలించి, కథలో దాచిన సగం అప్పుడు చెప్పారు.

"ఆ ఫ్రాన్సు పిల్లదీ కోతి ముఖమన్నారు జనం. ఆయన మార్చలేదు. మార్చక ఏం బావుకున్నాడు? బతికున్నంతకాలం మళ్ళీ ఒక్క శిల్పం జనానికి చూపించలేదు. నాకు పెళ్ళాం పిల్లలున్నారు. ఎళ్ళి నిలబడు, చేతులింకా అవ్వలేదు."

నిలబడ్డాను. నా మెడ మీద ఇంకో పిల్ల ముఖం తయారవుతుంటే, గీత దాటకుండా చూస్తూ నిలబడ్డాను. మావయ్య మీద పుట్టినంత కసి నాకు మళ్ళీ ఎవరి మీదా పుట్టలేదు. ఆవిష్కరణ నాడు అందరూ ఆ మనవరాలిని ముద్దు చేశారు. ఎంత కళగా ఉందో అని మా అమ్మ కూడా అంది.

మావయ్య పోయి చాలా కాలమైంది. ఆ కసీ పోయింది. పోనిది వేరే ఉంది. మొన్న అమలాపురం ఆస్పత్రిలో నర్సమ్మ నా మనవరాలిని తెచ్చి చేతుల్లో పెట్టింది. కాళ్ళూ చేతులూ సరిగ్గా ఉన్నాయో లేదో చూడాలన్న ధ్యాసే రాలేదు నాకు. గుడ్డ తొలగించి ముందు ముక్కు చూశాను. చప్పిడిది. అయ్యో అనుకున్నాను.