మీసం లేని రాజు

ఆ రోజుల్లో నాకున్న కోరికలన్నీ నా జీతానికి అందనివే. కోట అనే చిన్న టౌన్లో రొయ్యల మేత అమ్మే దుకాణంలో పని చేస్తూ, స్పెయిన్ వాళ్లు సముద్రాలు ఏలిన కాలం నాటి బంగారు నాణేలు సేకరించాలని కలలు కన్నవాణ్ణి నేను. సేకరణ బ్రహ్మాండంగానే ఉండేది, అంతా సెల్‌ఫోన్‌లో. (ఫొటోలు ఎన్ని దాచుకున్నా ఎవరూ డబ్బులడగరు కదా!) ఏ నాణెం మీద ఏ రాజు ముక్కు ఎంత పొడుగో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. ఒక్కటంటే ఒక్కటి, నిజమైనది, అరచేతిలో పెట్టుకుని చూడాలని ప్రాణం కొట్టుకునేది.

ఒక శుక్రవారం సముద్రపు ఒడ్డున ఉన్న మా ఊరికి వెళ్లాను. అవ్వ దేవుడి గూటి ముందు కూర్చుని తన లక్ష్మీదేవిని చింతపండుతో తోముతోంది. ఆమె కాపురానికొచ్చిన కొత్తలో, తుఫాను వెలిశాక, వల ఆరేయబోయిన తాతకు ఇసుకలో దొరికిన బంగారు కాసు అది. తెచ్చి ఆమె చేతిలో పెట్టాడట. చిన్నప్పటి నుంచీ దానికి దండం పెడుతూనే ఉన్నాను గానీ, పసుపూ కుంకుమా లేకుండా చూడటం అదే మొదటిసారి. అదే ముక్కు! అదే ఉంగరాల జుట్టు!

"అవ్వా, ఆమె లక్ష్మీదేవి కాదు, స్పెయిన్ రాజు!"

అవ్వ కాసును కళ్ల దగ్గరగా పెట్టుకుని చూసింది. "రాజైతే మీసమేది అబ్బయా? పొడుగు జుట్టు, మెళ్లో హారం... కళ్లు కనపడంది నాకా, నీకా?"

నా పరిజ్ఞానమంతా ఆ మీసం దగ్గర ఆగిపోయింది. "పోనీ, నాకిస్తావా?" అన్నాను సిగ్గు విడిచి.

"మీ తాత ఇచ్చినాడు నాకు. నేనుండంగా అడగబాక. పొయినాక నువ్వే తీసుకో."

కనీసం ఏ కాలం నాటిదో చూస్తానని బతిమాలితే చేతికిచ్చింది. అంచు చుట్టూ అక్షరం లేదు, అంకె లేదు. అన్నేళ్ల చింతపండు అన్నీ తినేసింది. "అమ్మోరు ఎంత కళగా ఉండాదో చూడు!" అని అవ్వ మురిసిపోతుంటే నాకు ఏడుపొచ్చింది. అయినా ఆశ చావలేదు. (అవ్వ పోవాలని ఏనాడూ అనుకోలేదు, ఒట్టు. కాసు కావాలని మాత్రం రోజూ అనుకున్నాను. రెండింటికీ ముడి ఉందని అప్పట్లో తట్టలేదు.)

ఇప్పుడా కాసు నా దగ్గరే ఉంది. నా సేకరణలో నిజమైనది అదొక్కటే. కోరుకున్నది చేతికొచ్చింది గానీ, దాన్ని చూపించి పోట్లాడటానికి అవ్వ లేదు. ఆమె మీద బెంగ పుట్టినప్పుడల్లా భూతద్దం తీసుకుని రాజు కోసం వెతుకుతాను. ఎంతసేపు చూసినా కనపడడు. ఇక చేసేదేముంది, ఇంత కుంకుమ పెట్టి మళ్లీ గూట్లో పెట్టేస్తాను. రాజైతే మీసం ఉండాలి కదా!