సమ్మెలో నీళ్ల డ్యూటీ

పోయిన నెలలో నా భార్యకు కళ్లు చూపించడానికి కొత్తగా కట్టిన ఒక పెద్ద దవాఖానకు పోయాం. ఆమె లోపల ఉండగా నేను వరండాలోని నల్లా తిప్పి, దోసిట్లో నీళ్లు పట్టి వాసన చూశాను. పక్కన కూర్చున్న పెద్దమనిషి, నీళ్లు బాగాలేవా అని అడిగాడు. బాగానే ఉన్నాయని చెప్పాను గాని, ఇరవై ఏళ్లకు పైగా దవాఖాన నీళ్లు చూసుకున్నవాడికి ఆ అలవాటు అంత తొందరగా పోదని ఆయనకు ఏమని చెప్పను? నా ఈడువాళ్లు చదివితే అర్థం చేసుకుంటారనే ఆశతో రాస్తున్నాను.

మాది కోహెడ దగ్గరి పల్లె. అక్కను సిద్దిపేటలో ఇచ్చాం. బావ అక్కడ ఒక దవాఖానలో గుమస్తా. ఆ దవాఖాన పేరు ఇప్పుడెందుకు గాని, బోరు మోటర్లు విప్పి బిగించడం నాకు వచ్చునని తెలిసి, బావే నన్ను తీసుకుపోయి కాంట్రాక్టు మీద నీళ్ల పనిలో పెట్టించాడు. పెళ్లయ్యేదాకా మూడేళ్లు అక్క చేతి అన్నమే తిన్నాను. నాయిన మాట తర్వాత నాకు బావ మాటే.

పొద్దున్నే సంపులో మట్టం చూడటం, మిద్దె మీది ట్యాంకుకు నీళ్లెక్కించడం, బ్లీచింగు కలిపి అరగంట ఆగి చిన్న గాజు గొట్టంలో ఆ నీళ్లు పట్టి, మందు చుక్కలు వేసి, క్లోరిన్ సరిపోయినట్టు పసుపు రంగు తేలిందో లేదో చూడటం, వార్డు వార్డుకు వాల్వు తిప్పడం, ఇదీ నా పని. గోడలోని పైపుకు చెవి ఆనించి లోపల నీళ్లు నడుస్తున్నాయో, గాలి పట్టిందో చెప్పగలిగేవాణ్ని. కాన్పుల వార్డులోని పెద్ద నర్సమ్మ, ఇక్కడ పుట్టిన ప్రతి బిడ్డకూ మొదటి స్నానం నా నీళ్లతోనే అని వచ్చినవాళ్లందరికీ చెప్పేది. ఆ మాట విన్న రోజు నేను ఇంకొంచెం నిటారుగా నడిచేవాణ్నని నా భార్య ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది.

తెలంగాణ ఉద్యమం బాగా వేడెక్కిన ఏడాది, ఊరు ఊరంతా సమ్మెలోకి దిగింది. బడులు, ఆఫీసులు, బస్సులు అన్నీ బందు. దవాఖాన గేటు ముందు మా సంఘం కూడా టెంటు వేసింది. బావ సంఘానికి కార్యదర్శి. నా భార్య పొద్దున వంట ముగించుకుని ఆడవాళ్లతో టెంటులో కూర్చునేది. నేనూ కూర్చోవాలనే అనుకున్నాను. కాని సమ్మె మొదలయ్యే ముందురోజు సాయంత్రం బావ మా ఇంటికి వచ్చాడు. నా భార్య ఇచ్చిన చాయ తాగుతూ, మెల్లగా చెప్పాడు.

"బామ్మర్దీ, నువ్వు టెంటుకు రాకు. మోటర్ల కాడనే ఉండు. కాన్పులు ఆగయి గద, నీళ్లు లేకుంటె పానాలు పోతయ్. రోజూ రిజిస్టర్ల సంతకం వెట్టు, లేకుంటె కాంట్రాక్టరు తీసేస్తడు. సంఘంల నేను జెప్త."

"అందరు ఏమన్నా అనుకుంటరేమో బావా" అన్నాను.

"నేనున్న గద" అన్నాడు.

ఇక నాకు వేరే భరోసా అక్కర్లేకపోయింది. నాతోటి వాళ్లందరూ సమ్మెలో ఉంటే ఒక్కణ్నే మోటర్లు చూసుకున్నాను. కరెంటు ఎప్పుడు వస్తుందో ఎప్పుడు పోతుందో తెలియదు, వచ్చిన కాసేపట్లోనే ట్యాంకు నింపుకోవాలి. గేటు దగ్గర డప్పులు, పాటలు వినిపించేవి. వాటిలో నా భార్య గొంతు ఏదో పోల్చుకోవడానికి చెవులు రిక్కించేవాణ్ని.

అట్లా చాలా రోజులు గడిచాక, ఒకనాడు పదకొండు గంటలప్పుడు బోరు మోటరు కాలిపోయింది. దాన్ని పైకి లాగి బాగుచేయాలంటే ఒక రోజు పని. సంపు అడుగంటింది, మిద్దె ట్యాంకులో రెండు గంటలకు సరిపడా నీళ్లున్నాయేమో. ఆపరేషన్ గదిలో ఒకామెకు కడుపు కోసి బిడ్డను తీయడానికి సిద్ధం చేస్తున్నారు. ట్యాంకర్లవాళ్లూ సమ్మెలోనే ఉన్నారు గాని, సంఘం ఒక మాట చెబితే ఒక్క ట్యాంకరు వదులుతారు. తడిసిన చొక్కాతో, చేతిలోని పానా కూడా దించకుండా టెంటుకు ఉరికాను.

"వీడేంది, పని జేసుకుంట వస్తుండు" అన్నాడొకడు. "నీకు తెలంగాణ వద్దారా?" అన్నాడు ఇంకొకడు. నలుగురు లేచి చుట్టుముట్టారు. బావ మైకు దగ్గర నిలబడి ఉన్నాడు.

"బావా, మోటరు కాలింది, ఒక్క ట్యాంకరు ఇడువుమని జెప్పు. నువ్వే గద మోటర్ల కాడ ఉండుమన్నది. వీళ్లకు జెప్పు" అన్నాను.

బావ మైకుకు చెయ్యి అడ్డం పెట్టాడు. నా ముఖం చూడలేదు. "నేనెవ్వన్ని పనికి పొమ్మనలే. ఎవని ఇష్టం వానిది" అన్నాడు.

ఎవరో గాజుల దండ తెచ్చి నా మెడలో వేశారు. నవ్వులు. అప్పుడు ఆడవాళ్ల మధ్యలోంచి నా భార్య లేచింది. "అన్నా, మా ఇంట్ల చాయ తాగుకుంట గా మాట అన్నది నువ్వే. నేను ఇన్న" అంది, అందరికీ వినబడేటట్టు. బావ మైకు మీది చెయ్యి తీసి నినాదం అందుకున్నాడు. వందమంది గొంతు కలిపారు.

ఆమె నా మెడలోని దండ తీసి కింద పెట్టి, నన్ను వెనుక గల్లీకి తీసుకుపోయింది. అక్కడ ట్యాంకరు ఉన్న ముసలి సాయబు ఉండేవాడు. సంగతి విని చెప్పులేసుకుంటూ, "నీళ్లకు బీ హర్తాల్ ఏంది బేటీ? నాకు బీ తెలంగాణ గావాలె. పా, పోదాం" అన్నాడు. ట్యాంకరు ముందర ఉద్యమం జెండా కట్టుకుని తానే నడుపుకుంటూ వచ్చాడు. టెంటులో వాళ్లు జెండాను చూసి దారి ఇచ్చారు. ఆడపిల్ల పుట్టింది, తల్లీ బిడ్డా క్షేమం అని నర్సమ్మ కిటికీలోంచి చెప్పింది. నేను సంపు పక్కన కూర్చుని, ఎందుకో అప్పుడు ఏడ్చాను.

రెండు రోజులకు బావ ఇంటికి వచ్చాడు. "గప్పుడు నేను ఔనంటె నన్ను గూడ ద్రోహి అనేటోళ్లు. మనసుల వెట్టుకోకు" అన్నాడు. పెట్టుకోవద్దనే అనుకున్నాను. రాష్ట్రం వచ్చిన రోజు రోడ్డు మీద రంగుల్లో మునిగి బావను గట్టిగా కావలించుకున్నాను కూడా. ఆ తర్వాత, సమ్మెలో నిలబడ్డ కాంట్రాక్టువాళ్లను పర్మినెంటు చేయాలని సంఘం పేర్లు రాసి పంపింది. అందులో నా పేరు లేదు. అడగడానికి పోతే బావ తల వంచుకుని కాగితాలు సర్దుతూ, "సమ్మె రోజులన్నిటికి రిజిస్టర్ల నీ సంతకాలున్నయ్. నేనేం జేత్త" అన్నాడు. ఆ సంతకాలు పెట్టమన్నది ఎవరని నేను అడగలేదు. అక్క ముఖం గుర్తొచ్చి వచ్చేశాను. కాంట్రాక్టువాడిగానే ఆ పనిలోంచి దిగిపోయాను.

ఇప్పటికీ అక్క ఇంటికి పోతుంటాను. చుట్టాలు కూడితే బావ సమ్మె నాటి ముచ్చట్లు చెబుతాడు. అన్ని రోజుల్లో కూడా దవాఖానలో నీళ్లు ఆగకుండా చూసుకున్నామని, అది తమ సంఘం గొప్పతనమని చెబుతాడు. నేను తలొంచుకుని తింటాను. అక్క అడగకుండానే నా విస్తట్లో మళ్లీ కూర వడ్డిస్తుంది.

రాష్ట్రం వచ్చినందుకు నాకు ఈ రోజుకూ సంతోషమే. కాని మా కాలంలో ఇంటి మనిషి మాటకు సాక్ష్యం అడగడమంటే తప్పుగా ఉండేది. మొన్న నా సొంత కొడుకు, ఆదివారం వచ్చి డాబా మీది ట్యాంకు కడుగుతానంటే, పక్కానా అని మూడుసార్లు అడిగాను. వాడు నవ్వాడు. వాడికి తెలియదు, ఒకప్పుడు నేను ఒక్కసారి కూడా అడిగేవాణ్ని కానని.