నేను బక్కగైన రోజులు

లావుగా ఉండేదాన్నని చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు. సిద్దిపేటలో పిండివంటల దుకాణం నడిపే ఆడది పుల్లలా ఉంటే ఆమె సకినాలు ఎవరు కొంటారు? మొదటి వాయి నూనెలోంచి తీయగానే ఒకటి విరిచి నోట్లో వేసుకోవాలి. ఉప్పు, వాము, నువ్వులు సరిపోయాయో లేదో నాలుకే చెప్పాలి. విరిగినవి అమ్ముడుపోవు, అవన్నీ ఒక పళ్ళెంలో పడతాయి, నా చాయ్‌లోకి అవే. మధ్యాహ్నం గరిజెల రుచి, సాయంత్రం అరిసెల పాకం రుచి. ఇన్నేళ్ళు ఇలా రుచి చూసీ చూసీ, నేను కూర్చుంటే కుర్చీ ముందుగా మూలిగే స్థితికి వచ్చాను.

మా ఆయన ఆర్టీసీలో డ్రైవరు, హుస్నాబాద్ బండి నడుపుతాడు. నా గురక మీద ఆయనకు ఎప్పుడూ ఒకటే మాట. "ఆడ ఇంజను బంద్ జేసి ఇంటికొస్తే ఈడ ఇంకో ఇంజను షురూ అయితది" అనేవాడు. నేనూ నవ్వేదాన్ని. దుకాణం మెట్లెక్కితే ఆయాసం వచ్చి గోడ పట్టుకుని నిలబడ్డ రోజు మాత్రం ఇద్దరికీ నవ్వు రాలేదు.

దవాఖానలో డాక్టరమ్మ పరీక్షలు చేయించి, మొహమాటం లేకుండా చెప్పింది. "పొట్ట చుట్టున్న కొవ్వు ఊకె కూసోదమ్మా. షుగర్ తెచ్చింది, బీపీ తెచ్చింది. గిట్లనే ఉంటే రేపు గుండె మీదికి, కిడ్నీల మీదికి వస్తది. గురకల ఊపిరి ఆగుతున్నట్టుంది, అదో భయం. గోలీలు తప్పకుండ వాడు, పొద్దుగాల చెరువు కట్ట మీద నడువు, ఆ నూనె సరుకు ముట్టకు. బరువు తగ్గితే గోలీలు తగ్గించొచ్చేమో అప్పుడు చూద్దాం."

ఇన్ని చెబితే నా చెవికెక్కింది చివరి మాటొక్కటే.

కట్ట మీద నడక కొన్నాళ్ళు సాగింది. నడక అంటే ఏముంది, నాలుగడుగులు వేస్తే ఎవరో ఒకరు ఆపి "అక్కా, మా బిడ్డ ఒడిబియ్యానికి సకినాలు జేసిస్తవా?" అని అడిగేవారు. మాట్లాడుతూ నిలబడితే మోకాళ్ళు పట్టేసేవి. ఇంతలో బస్టాండు దగ్గర బట్టల దుకాణం పైన లేజర్ సెంటర్ వెలిసింది. కోత లేదు, నొప్పి లేదు, పడుకుంటే చాలు కొవ్వు కరిగిపోతుందని పెద్ద ఫ్లెక్సీ కట్టారు. పడుకోవడం నాకు బాగా వచ్చిన పని.

లోపల చల్లగా ఏసీ. ఒక అమ్మాయి నా పొట్ట చుట్టూ టేపు పెట్టి కొలిచి, ఎర్రటి లైట్లున్న పట్టీలు కట్టింది. కొంచెం వెచ్చగా అనిపించింది, అంతే. అయిపోయాక మళ్ళీ కొలిచి "చూడున్రి ఆంటీ, అప్పుడే తగ్గిన్రు" అన్నది. నాకు ఆశ్చర్యంతో నోరు తెరుచుకుంది.

"కరిగిన కొవ్వు ఏడికి పోతది బిడ్డా?" అని అడిగాను.

"మూత్రంల పోతది ఆంటీ. అందుకే నీళ్ళు మస్తు తాగాలె. ఎంత తాగితే గంత తొందరగ పోతది."

"నాకు షుగరున్నది మరి."

"బరువు తగ్గితే అదే కంట్రోలైతది ఆంటీ, ఫికర్ జేయకున్రి."

డాక్టరమ్మ మాటా, ఈ పిల్ల మాటా నా బుర్రలో ఒక్కటైపోయాయి. ఆ వారమే గోలీలు డబ్బాలో పెట్టి మూతపెట్టాను. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, తగ్గబోయే బరువుకు ముందే గోలీలు మానేసిన తెలివిగలదాన్ని నేను.

తర్వాత జరిగింది వినండి. నిజంగానే తగ్గడం మొదలైంది! మొదట చేతులు, తర్వాత ముఖం. గాజులు జారిపోతున్నాయి. దాహం అంటే మామూలు దాహం కాదు, బిందె ఎత్తి తాగినా తీరేది కాదు. తాగిన నీళ్ళు తాగినట్టే బయటికి పోయేవి. ఒక వాయి సకినాలు చుట్టేలోపు ఎన్నిసార్లు లేచేదాన్నో. లేచిన ప్రతిసారీ నాకు సంతోషమే. పోతోంది, కొవ్వు పోతోంది అనుకునేదాన్ని. కాళ్ళు గుంజేవి, కళ్ళు మసకబారేవి. అంత లావు కరుగుతుంటే ఒళ్ళు కాస్త అలసిపోదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

బాత్రూంలో చీమలు బారులు కట్టాయి. మా ఆయన చీదరించుకున్నాడు. "బెల్లం చేతులు కడుక్కోకుండనే వస్తవు, ఇల్లంత చీమల పుట్ట జేసినవ్" అన్నాడు. నిజమే కాబోలనుకుని అరిసెల పాకం ముట్టిన రోజు చేతులు రెండుసార్లు తోముకునేదాన్ని. చీమలు మాత్రం పోలేదు.

ఇక మా గల్లీ ఆడవాళ్ళ సంగతి చెప్పాలి. జన్మలో నన్ను మెచ్చుకోని ఎదురింటామె కూడా నా చుట్టూ తిరిగి చూసి "ఏందక్కా, పెండ్లి పిల్ల లెక్క అయినవ్" అన్నది. అబద్ధం ఎందుకు, ఆ మాటకు నేను పొంగిపోయాను. మా అత్తకు మాత్రం గుబులుగా ఉండేది. "మంచి ఒళ్ళు, ఎట్ల గుంజుకపోయింది బిడ్డా" అని నా దండచేయి తడిమి చూసేది. ముసలామెకు ఏం తెలుసు, లేజర్ సంగతి అనుకున్నాను.

ఒడిబియ్యం ఆర్డరు మీద సకినాలు చుడుతున్న రోజు కడుపులో నొప్పి లేచింది. వెంటనే వాంతులు. ఊపిరి నా మాట వినకుండా ఎగబోయడం మొదలుపెట్టింది. దుకాణంలోనే చాప మీద పడిపోయాను. మా అత్త వచ్చి "గందరు గన్ని తీర్ల నోర్లు వెట్టిన్రు, దిష్టి దాకింది" అని ఉప్పు, ఎండుమిరపకాయలు తీసుకుని నా చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. ఘాటు లేవలేదట. "చూసిన్రా, ఎంత దిష్టో!" అని ఆమె అంటుంటే, ఎదురింటామె తలాడిస్తుంటే, నాకు అవన్నీ ఎక్కడో దూరంగా వినిపించాయి. డ్యూటీ దిగి అప్పుడే వచ్చిన మా ఆయన నా మొహం చూసి, వెనక్కి తిరిగి ఆటో పిలిచాడు.

దవాఖానలో వేలు గుచ్చి చిన్న మిషన్‌లో చూశారు. నర్సు మళ్ళీ గుచ్చింది. అంకె రావడం లేదు. మిషన్ పాడైందేమో అన్నాడు మా ఆయన. "మిషన్ మంచిగనే ఉన్నది. అది చూపెట్టగలిగే దానికన్న ఎక్కువున్నది షుగర్" అని డాక్టరమ్మ పరుగులాంటి నడకతో వచ్చింది. నన్ను గుర్తుపట్టడానికి ఆమెకు కాసేపు పట్టింది.

రెండు చేతులకూ సెలైన్లు పెట్టారు. మాట వచ్చాక ఆమె నన్ను ఒక్కొక్కటే అడిగింది. దాహం మస్తు అయిందా? అయింది. ఊకె మూత్రానికి పోయినవా? పోయాను. గోలీలు? తల దించుకున్నాను. అప్పుడు అడిగింది, "బాత్రూంల చీమలు పడుతున్నయా?"

పడుతున్నాయన్నాను. మంచం పక్కన నిలబడ్డ మా ఆయన, బెల్లం చేతులని తిట్టిన నా చేతుల వంక చూశాడు.

"అమ్మా, పోయింది కొవ్వనుకున్నవా? చక్కెర పోయింది మూత్రంల. తిన్న తిండి ఒంటికి పట్టక నీ ఒళ్ళు నీ కండనే తిన్నది. ఆ లైట్ల పట్టీలు టేపు మీద ఏం జూపినా, షుగర్‌ను తగ్గియ్యవు, గుండెను కాపాడవు. ఇంకింత ఆలస్యమైతే కోమాలకు పోతుంటివి. ఇగ కొన్నాళ్ళు ఇన్సులిన్ సూదులే."

నెలల తరబడి చస్తూ, బాగుపడుతున్నానని సంబరపడ్డానన్నమాట! గల్లీ అంతా చప్పట్లు కొట్టింది నా చావుకా? ఆ రోజంతా ఇదొక్కటే తిరిగింది తలలో. కోపం ఎవరి మీద చూపాలో తెలియక, పాపం, సూది గుచ్చిన నర్సును తిట్టాను.

ఇంటికి వచ్చాక సూదులు వేసుకోవడం నేర్చుకున్నాను. దాహం తగ్గింది, చూపు తేరుకుంది, మెట్లెక్కే బలం వచ్చింది. వాటితోపాటు ముఖం నిండింది, దండచేతులు నిండాయి. ఎదురింటామె చూసి "అయ్యో అక్కా, మల్ల లావైతున్నవ్, ఒక్కసారి గా సెంటర్‌కు పోయిరారాదు" అన్నది. దవాఖాన మంచం మీద నన్ను చూసి ఏడ్చిన మనిషే ఆమె! "నీ నోట్లె మన్నువడ" అని తరిమాను.

మొన్న మా మరిది బిడ్డ పెండ్లి దగ్గరపడింది. బక్కగా ఉన్నప్పుడు కుట్టించుకున్న పట్టు జాకెట్టు తీసి తొడుక్కోబోతే భుజం దగ్గరే ఆగిపోయింది. దాన్ని మంచం మీద పడేసి, అన్నం ముందు వేసుకోవాల్సిన సూది చేతిలోకి తీసుకున్నాను. అప్పుడు వచ్చింది ఆ ఆలోచన. పెండ్లి దాకా ఈ సూది మానేస్తే జాకెట్టు పడుతుంది కదా.

అమ్మో! ఎవరో చెప్పింది కాదు, ఏ ఫ్లెక్సీ మీద చదివింది కాదు. చావు దాకా పోయి వచ్చిన నా బుర్రలోంచే వచ్చింది. అద్దంలో నా మొహం నేనే చూడలేకపోయాను. మిషన్ మీద అంకె రానప్పుడు కూడా నాకు ఇంత భయం వేయలేదు.

బయట అరుగు మీద బూట్లు విప్పుతున్న మా ఆయనను కేక వేశాను. సూదుల డబ్బా ఆయన చేతిలో పెట్టి, ఆయన చూస్తుండగా పొట్టలో గుచ్చుకున్నాను.

"ఇవి నువ్వే పెట్టుకో. పూటపూటకు నువ్వే తీసియ్యి, నేను ఏసుకునేదాక కదలకు," అన్నాను.

"ఎందుకే? ఏమైంది?"

"నన్ను నమ్మకు."